పుట్టినరోజున వంటింట్లో ఎవరు?

ఇల్లు ప్రేమకూ విశ్రాంతికీ నెలవు అనే మాట మన సమాజంలో ఎంతో కాలంగా చెలామణి అవుతోంది. ఆ ప్రేమా ఆ విశ్రాంతీ ఎవరి శ్రమ మీద నిలబడి ఉన్నాయని స్త్రీల ఉద్యమాలు దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నాయి. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఈ ప్రశ్న ప్రతి ఇంటి గుమ్మంలోకీ వచ్చి నిలబడింది. వేడుక అంటూ ఏదైనా జరిగితే అది ఇంట్లోనే, ఇంట్లోవాళ్ల చేతుల మీదుగానే జరగాలి. ఆ రోజుల్లో రహస్యంగా ఏర్పాటు చేసిన పుట్టినరోజు వేడుకల గురించి సంపాదకీయం రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. కుటుంబంలోని శ్రమ విభజన ఇలాంటి చిన్న విషయాల దగ్గరే మనకు సులభంగా పట్టుబడుతుంది.

మా ఇంటి సంగతే చెబుతాను. ఆ ఏప్రిల్ చివర్లో మా అత్తయ్యకు 70 ఏళ్లు నిండాయి. ఆమె తరం స్త్రీలు చాలామందికి లాగే ఆమెకూ పుట్టినతేదీ అంటే బడిలో పంతులుగారు రాసుకున్న తేదీయే. దాన్ని ఎవరూ ఎన్నడూ వేడుక చేయలేదు. ఆమెకు తెలియకుండా కుక్కర్‌లో కేక్ చేసి, అమెరికాలో ఉన్న మా మరిదినీ విజయవాడలో ఉన్న ఆడపడుచునూ వీడియో కాల్‌లో కలిపి ఆశ్చర్యపరుద్దామని మా అమ్మాయి ప్రతిపాదించింది. అందరం సరేనన్నాం.

ప్రణాళిక వేయడానికి కూర్చున్నాక చిక్కు తెలిసింది. రెండు పడకగదుల ఫ్లాట్‌లో అత్తయ్య కంటపడకుండా వంటింట్లో ఏ పనీ సాధ్యం కాదు. పొద్దున్నే డికాక్షన్ దించడం దగ్గర్నుంచి రాత్రి పాలు తోడుపెట్టేదాకా ఆమె అక్కడే ఉంటుంది. ఇంటిపనికి వచ్చే ఆమె రావడం ఆగిపోయాక అంట్లూ ఊడ్పూ నా వంతయ్యాయి, వంట ఆమె వంతైంది. మైదా ఏ డబ్బాలో ఉందో తెలియాలన్నా ఆమెనే అడగాలి.

“అమ్మా, ఈ పూట నేను వండుతానని నాన్న అంటే సరిపోతుంది కదా” అన్నాడు మా అబ్బాయి. “అలా అంటే నానమ్మకు వెంటనే అనుమానం వస్తుంది” అని తేల్చేసింది అమ్మాయి. యాభయ్యో పడిలో పడుతున్న కొడుకు ఒక పూట వండుతాననడం ఎవరూ నమ్మని సాకు! చివరికి ఆయనా అబ్బాయీ మూడు రోజుల ముందునుంచే వంట మొదలుపెట్టి, దాన్ని మామూలు సంగతిగా చేయాలని నిర్ణయించాం. మొదటి రోజు అత్తయ్య కంగారుపడి “ఒంట్లో బాగానే ఉందా నాన్నా?” అని కొడుకుని అడిగింది. మూడో రోజుకి “అయితే రేపు కూడా మీరే చేస్తారా?” అంది. కేక్ వచ్చింది, పిల్లలందరూ ఫోన్లో కనిపించారు, ఆమె సంతోషించింది. ఆమె అడిగిన ప్రశ్న మాత్రం నాకు అప్పటినుంచీ వెంటే ఉంది. వంతులవారీగా రాసి గోడకు అంటించిన కాగితంలో మగవాళ్ల పేర్లు, ఆఫీసులు తెరిచాక ఒక్కొక్కటే జారిపోయాయి.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. కేంద్ర ప్రభుత్వ సమయ వినియోగ సర్వే 2019లో జరిగింది. ఇంట్లోవాళ్ల కోసం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు 299 నిమిషాలూ, చేసే పురుషులు 97 నిమిషాలూ దానికి వెచ్చిస్తున్నారని ఆ సర్వే లెక్కతేల్చింది. అసలు ఆ పని ముట్టుకున్న పురుషులు 26 శాతం మందే. లాక్‌డౌన్‌లో మగవాళ్లు వంట నేర్చుకున్నారని మనం ఎన్నో ముచ్చట్లు విన్నాం. 2024లో మళ్లీ సర్వే చేస్తే స్త్రీల సమయం 289 నిమిషాలు, పురుషులది 88 నిమిషాలు. అంటే వేడుకలో పట్టిన గరిటె వేడుకతోనే పక్కకు పోయింది.

2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక మోటారు ప్రమాదం కేసులో ఈ 2019 లెక్కల్నే ప్రస్తావించి, గృహిణి శ్రమకు విలువ కట్టాలని చెప్పింది. ఆహ్వానించదగ్గ తీర్పే. అయితే ఆ విలువ ఆమె చనిపోయాక నష్టపరిహారం కోసం కట్టినది. బతికున్న స్త్రీకి ఆ లెక్క ఎవరు అప్పజెప్పాలి?

ఆ రహస్య ప్రణాళికలో నేను గమనించిన మరో విషయం ఉంది. సంతోషకరమైన రహస్యాన్ని దాచడానికే అంత ఇంట్లో చోటు దొరకలేదు. అదే ఇంట్లో దెబ్బలు తినే స్త్రీ సహాయం కోసం ఎక్కడికి వెళ్లి ఫోన్ చేయాలి? 2020 ఏప్రిల్‌లో జాతీయ మహిళా కమిషన్ గృహహింస ఫిర్యాదుల కోసం వాట్సాప్ నంబరు ప్రకటించింది. అవసరమైన చర్యే. కానీ సొంత ఫోనూ, తలుపు వేసుకునే గదీ, చదువూ లేని స్త్రీకి ఆ నంబరు అందదు. తనదైన సమయం లేకపోవడం, తనదైన చోటు లేకపోవడం ఒకే వ్యవస్థ రెండు ముఖాలు. ఒకటి ప్రేమ పేరుతో సాగుతుంది, రెండోది హింసగా బయటపడుతుంది.

కాబట్టి మిత్రులారా, వేడుకలు వద్దనడం నా ఉద్దేశం కాదు. డెబ్బై ఏళ్ల స్త్రీకి మూడు రోజుల విశ్రాంతి ఆశ్చర్యంగా మిగలకూడదు, అది ఆమె హక్కుగా ఉండాలి. మీ సంఘం సమావేశాల్లో ఈ రెండు ప్రశ్నలూ చర్చకు పెట్టండి: మన ఇళ్లల్లో వారానికి ఒక రోజు స్త్రీలకు వంటింటినుంచి సెలవు ఉందా? మన ఇళ్లకు పనికి వచ్చే స్త్రీకి జీతం కోత లేని వారపు సెలవు ఉందా? మొదటిది అడిగి రెండోది వదిలేస్తే మన బరువు ఇంకో స్త్రీ భుజానికి మారుతుందే తప్ప తగ్గదు. మీ చర్చల్లో వచ్చిన జవాబులు, ముఖ్యంగా మగవాళ్లు చెప్పిన సాకులు, మాకు రాసి పంపండి. వచ్చే సంచికలో వాటితోనే మాట్లాడుకుందాం.