బావ గుంటల లెక్క ఒక్క అక్షరంలో పోయింది

విడవలూరు వైపు రొయ్యల గుంటలు చేసే మా బావ పోయిన నెల ఫోన్ చేశాడు. "ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేయించి ఫైల్ తెరిచాను. ఏందబ్బా ఇది, అంతా ఖాళీగా ఉంది!" వెనామీ మూడు పంటల లెక్క అందులోనే ఉంది. ఏ రోజు ఎంత మేత వేశాడు, నీళ్ల పరీక్షల్లో ఏం వచ్చింది, పట్టుబడి రోజు కౌంటు ఎంత... అన్నీ మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో రాసుకునేవాడు. బ్యాకప్ తీయలేదా అంటే తీశాడు. కాకపోతే 'సేవ్ యాజ్'లో టెంప్లేట్ ఎంచుకున్నాడు.

యాక్సెస్ 2007 నుంచి డేటాబేస్ ఫైల్ పేరు చివర .ఏసీసీడీబీ ఉంటుంది (అంతకు ముందు .ఎండీబీ). టెంప్లేట్ అయితే .ఏసీసీడీటీ. చివర బి, టి తేడా, అంతే. మొదటిది రాసి నింపిన ఖాతా పుస్తకం, రెండోది గళ్లు మాత్రమే గీసిన కొత్త పుస్తకం. టేబుళ్లు, ఫారాలు, రిపోర్టులు అన్నీ వస్తాయి. లోపలి డేటా రావాలంటే మాత్రం సేవ్ చేసేటప్పుడే దానికి ఉన్న బాక్స్‌లో టిక్ పెట్టాలి. బావ పెట్టలేదు. "బ్యాకప్ తీసుకో" అని ఊరుకున్న నాదీ కొంత తప్పే.

పేరు మార్చి టి బదులు బి పెడితే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. సంచి మీద పేరు మారిస్తే లోపలి బియ్యం మారవు.

నా మాట ఒకటే: ఎక్స్‌టెన్షన్‌ను దాచిపెట్టడం మంచి అలవాటు కాదు. విండోస్‌లో తెలిసిన రకం ఫైళ్లకు అది మామూలుగా కనిపించదు. 2000 మే నెలలో ప్రపంచాన్ని వణికించిన 'ఐ లవ్ యూ' వైరస్ కూడా .టీఎక్స్‌టీ ముసుగు వేసుకున్న .వీబీఎస్ ఫైలే. ఇప్పుడు వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలానా అంటూ .ఏపీకే ఫైళ్లు తిరుగుతున్నాయి. శుభలేఖ అంటే ఫొటోనో, పీడీఎఫ్‌వో అయి ఉండాలి. .ఏపీకే అంటే యాప్. నొక్కి ఇన్‌స్టాల్ చేశారంటే బ్యాంకు ఖాతాకే ఎసరు.

విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ నొక్కండి. అర నిమిషం పని. లెక్కలు యాక్సెస్‌లో ఉంటే వారానికోసారి .సీఎస్‌వీ కాపీ కూడా తీయండి. ఫారాలు రావు గానీ అంకెలు ఏ ఫోన్‌లోనైనా తెరుచుకుంటాయి. తెలుగులో రాసుకునేవాళ్లు యూటీఎఫ్-8 ఎంచుకోకపోతే అక్షరాలన్నీ పిచ్చి గీతలైపోతాయి, అదొకటి చూసుకోండి.

బావ ఇప్పుడు మేత కొట్టు బిల్లులు, ల్యాబ్ చీటీలు ముందేసుకుని కూర్చున్నాడు. రెండు పంటల లెక్క దొరికింది. మొదటి పంట చీటీలు పోయిన వానల్లో తడిసిపోయాయట.