యుద్ధపాఠానికి చప్పట్లతో శ్రీకారమా?

యుద్ధాన్ని గురించిన చరిత్ర పాఠాన్ని మన బడుల్లో రెండు విధాలుగా మొదలుపెడుతున్నారు. ఒకటి, నల్లబల్ల మీద "కారణములు, గమనము, ఫలితములు" అని వ్రాసి పిల్లల చేత ఎక్కించడం. రెండవది, సినిమాలోని రౌద్రఘట్టాన్ని తెరమీద చూపి చప్పట్లు కొట్టించడం. మొదటిదానితో పిల్లలు నిద్రపోతారు. రెండవదానితో మేలుకొంటారు గాని, ఆ మేలుకోవడం కోడిపందెం చూడడానికే! దీనినే "ఆసక్తి కలిగించడం" అని మెచ్చుకొనేవారితోనే నా పేచీ.

బొబ్బిలి యుద్ధాన్నే తీసుకొందాం. 1757 జనవరి 24. కోట వెలుపల ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, ఆయనకు తోడుగా విజయనగర ప్రభువు పూసపాటి పెద విజయరామరాజు. లోపల రాజా రంగారావు, ఆయన వీరులు. కోట నిలవదని తేలిన తరువాత, శత్రువుల చేత చిక్కరాదని లోపలి స్త్రీలను, పిల్లలను తమవారే చంపివేశారు. ఆపైన తాండ్ర పాపారాయుడు విజయరామరాజును గుడారంలోనే పొడిచి చంపాడు. 1964లో వచ్చిన సినిమాతో ఈ కథ ఇంటింటికీ తెలిసినదే.

ఈ పాఠాన్ని పాపారాయుని కత్తితో కాక ఒక ప్రశ్నతో మొదలుపెట్టండి: "ఆ కోటలో మీ ఈడు పిల్లలు కూడా ఉన్నారు. వారు బ్రతకాలా, చావాలా అన్నది ఎవరు నిర్ణయించారు? వారినెవరైనా అడిగారా?" ఆ కాలపు ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ వ్రాసిన ఒక సంగతి కూడా చెప్పండి. రంగారావు కుమారుణ్ణి, తండ్రి ఇచ్ఛకు విరుద్ధంగా, ఒక ముసలివాడు కాపాడి బయటకు తెచ్చాడట. అది స్వామిద్రోహమా, ధర్మమా? పది నిమిషాలు వాదించుకోనివ్వండి. అప్పుడు పుస్తకం తెరవండి. తరగతిలో నిద్రపోయేవాడెవడో చూద్దాం.

రెండవ ప్రశ్న: "ఇంతకూ గెలిచిందెవరు?" రంగారావు పోయాడు, విజయరామరాజు పోయాడు. ఆయన వారసుడు ఆనందగజపతి ఫ్రెంచివారిని విడిచి ఇంగ్లీషువారితో చేతులు కలిపాడు. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారు ఓడిపోయారు, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కూడా పోగొట్టుకొన్నారు. బొబ్బిలి కోటను కూల్చినవారికి మిగిలిందేమిటి? ఇద్దరు తెలుగు ప్రభువుల వైరం చివరకు ఎవరి కంపెనీకి లాభించింది? "ఫలితములు" అన్న శీర్షిక కింద పిల్లలు తమంతట తామే వ్రాయవలసిన సమాధానమిది.

"సిలబస్ పూర్తి కావద్దా?" అంటారు కొందరు. పది నిమిషాల ఆలోచనకు చోటులేని సిలబస్ పూర్తయినా ఒకటే, కాకున్నా ఒకటే. "వీరుల పౌరుషాన్ని తక్కువ చేస్తారా?" అంటారు మరికొందరు. పాపారాయుని తెగువను నేను కాదనను, ఆ కథా చెప్పవలసిందే. కాని ఆ కోటలో కత్తి పట్టని పసివాళ్ళను మరచి వీరులకు మాత్రమే చప్పట్లు కొట్టించడం చరిత్ర బోధన కాదు, రేపటి యుద్ధానికి ప్రేక్షకులను తయారుచేయడం. అందుకు జీతమిచ్చి ఉపాధ్యాయుణ్ణి పెట్టనక్కరలేదు, సినిమాహాలు చాలు.