వేడి ఎక్కడికి పోతుంది?

మన యౌవనస్థులు కంప్యూటరులో ఆడే ఆటలలో 'ఆక్సిజన్ నాట్ ఇన్‌క్లూడెడ్' ఒకటి. కెనడాకు చెందిన క్లే ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ 2019లో దీనిని పూర్తిస్థాయిలో విడుదల చేసింది. గ్రహశకలం లోపల చిక్కుకున్న కొద్దిమందికి గాలి, నీరు, ఆహారం సమకూర్చి వారిని బ్రతికించడమే ఆట.

ఇందులో చప్పుడు లేకుండా వచ్చే శత్రువు వేడి. జనరేటర్లు, బ్యాటరీలు పనిచేసే కొద్దీ వేడి పెరుగుతుంది. మీల్‌వుడ్ అనే పైరు 30 డిగ్రీలు దాటితే ఎదగదు. అప్పుడు అందరూ పస్తులే.

చల్లబరచే యంత్రం పెట్టాం గదా అని కొందరు నిశ్చింతగా ఉంటారు. అయితే ఒక సంగతి గమనించండి. ఆక్వాట్యూనర్ తనలో పారే నీటిని 14 డిగ్రీలు చల్లార్చి, ఆ వేడితో తానే కాగిపోతుంది. వేడి చోటు మారిందే గాని పోలేదు. కాబట్టి నేర్పరులు దానిని ఆవిరి గదిలో ఉంచి, పైన స్టీమ్ టర్బైన్ అమర్చుతారు. ఆ టర్బైన్ 125 డిగ్రీలు, అంతకు మించిన ఆవిరిని పీల్చి, 95 డిగ్రీల నీటిగా విడిచి, విద్యుత్తు కూడా ఇస్తుంది. ఆ గది వేడి బయటికి రాకుండా చుట్టూ ఇన్సులేటెడ్ గోడలు కట్టాలి.

పైరు వాడిపోయాక పరుగెత్తితే ప్రయోజనం తక్కువ. మొదటి జనరేటరు పెట్టిన రోజే వేడికి దారి చూడాలి. తల్లిదండ్రులారా, పిల్లల ప్రక్కన కూర్చుని ఒక్కసారి అడగండి: "బాబూ, ఈ వేడి ఎక్కడికి పోతుంది?"