ఈ ఏడాది ఆ గుమ్మం తొక్కను

జూన్ నెలాఖరుకి షార్జాలో మా బిల్డింగ్ లిఫ్టులో ఎవరు కనిపించినా అడిగే ప్రశ్న ఒకటే, "ఊరికి ఎప్పుడు?" అని. పిల్లలకి సెలవులు, మండిపోయే టిక్కెట్లు, లగేజీ కేజీల లెక్కలు. మంచం కింద సూట్‌కేసు బయటికొస్తుంది. బాదంపప్పు, ఖర్జూరాలు, సెంటు సీసాలు, ఎవరికేం తేవాలో ఒక చీటీ.

ఆ చీటీలో ఒక పేరు దగ్గర చాలా ఏళ్ళు నా పెన్ను ఆగిపోయేది. అయినా ఆయనకీ ఒక సెంటు సీసా కొనేదాన్ని. కొనకపోతే "అదేంటే, ఆయనకేం తేలేదా?" అని నలుగురూ అడుగుతారు కదా.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆయన నాతో చేసినదాన్ని ఏమంటారో పాతికేళ్ళు దాటాక గానీ నాకు తెలియలేదు. అంతకుమించి ఆ సంగతి ఇక్కడ రాయను. రాయాలనుకున్నది ఆ తర్వాతి సంగతి. దాన్నించి కోలుకోవడానికి మనం పెట్టుకునే లక్ష్యాల గురించి.

గల్ఫుకి వచ్చినవాళ్ళకి లక్ష్యమంటే అంకెలే. లోను తీరాలి, ఊళ్ళో ప్లాటు కొనాలి, అమ్మాయి పెళ్ళికి ఇంత బంగారం చేర్చాలి. నేనూ అలాగే ఒక జనవరిలో డైరీ తీసి రాసుకున్నాను. ఏడాదిలో పూర్తిగా మామూలు మనిషిని కావాలి. అమ్మకి చెప్పాలి, అమ్మ నమ్మాలి. ఆయన్ని నిలదీయాలి. చివరికి క్షమించేయాలి.

మార్చికల్లా డైరీ మూసేశాను. అమ్మకి చెప్పాను. "ఎప్పటిదో ఇప్పుడు తవ్వుకుని ఏం చేస్తావే" అంది. నిద్రపట్టని రాత్రులు మళ్ళీ మొదలయ్యాయి. అన్నిటికంటే బాధపెట్టింది, ఇందులో కూడా ఓడిపోయానన్న సిగ్గు.

ఇప్పుడు చూస్తే తప్పు నాలో లేదు, ఆ చీటీలో ఉంది. అమ్మ నమ్మడం నా చేతుల్లో లేదు. ఆయన ఒప్పుకోవడం అసలే లేదు. క్షమించడమనేది నా కోరికే కాదు, చుట్టూ ఉన్నవాళ్ళకి ఇబ్బంది లేకుండా ఉండాలని నేను తలకెత్తుకున్న పని. చిన్నప్పుడు నా ఒంటి మీద నాకే అధికారం లేకుండా చేశారు. పెద్దయ్యాక నా లక్ష్యాల మీద కూడా లేకపోతే ఎలా?

అమెరికన్ సైకియాట్రిస్ట్ జుడిత్ హెర్మన్ 1992లో రాసిన 'ట్రామా అండ్ రికవరీ'లో కోలుకోవడాన్ని మూడు దశలుగా చెప్పారు. మొదట భద్రత, తర్వాత జరిగినదాన్ని తలుచుకుని దుఃఖించడం, ఆ తర్వాత మళ్ళీ మనుషులతో, జీవితంతో కలవడం. ఇవి మెట్లలా వరసగా సాగవనీ, ముందుకీ వెనక్కీ జరుగుతుంటాయనీ కూడా అన్నారు. నేను మొదటిది వదిలేసి చివరిదానితో మొదలుపెట్టాను.

హైదరాబాదులో ఉన్న ఒక కౌన్సెలర్‌తో మాట్లాడటం మొదలుపెట్టాను. ఇక్కడ వాట్సాప్ కాల్స్ పనిచెయ్యవు కాబట్టి జూమ్‌లో. ఇక్కడికంటే అక్కడ గంటన్నర ముందు కాబట్టి ఆవిడ భోజనాల వేళకి ముందే అయిపోవాలి. తెలుగులో ఏడవడానికి తెలుగు వచ్చిన మనిషి కావాలని అప్పుడు తెలిసింది.

ఇప్పటి నా లక్ష్యాలు చూస్తే నవ్వొస్తుందేమో. వారంలో ఆ గంట మానకూడదు. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, చెయ్యెత్తితే ఆపెయ్యమని కుర్చీలో కూర్చోకముందే చెప్పాలి. ఎవరైనా ప్రేమగా భుజం మీద చెయ్యేసినా, నాకు ఇష్టం లేకపోతే "వద్దండీ" అనాలి. ఇవన్నీ నేను చెయ్యగలిగినవి. చెయ్యలేని వారం వాయిదా వేసుకునే హక్కు కూడా నాదే.

"మరి కేసు పెట్టవా?" అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. ఆ చట్టం కింద ఫిర్యాదుకి గడువు లేదని 2018లో కేంద్రం స్పష్టం చేసింది. అంతకుముందు జరిగినవాటికి పాత చట్టాలే దారి, లాయరుని అడగాల్సిందే. కేసు పెట్టడం నా హక్కు. కానీ నేను కోలుకున్నానా లేదా అని ఇతరులు నాకు పెట్టే పరీక్ష కాదు.

ఒక్కచోట మాత్రం "నా వీలుని బట్టి" అనే మాట చెల్లదు. ఆ మనిషి దగ్గర ఇప్పుడు పిల్లలుంటే అది నా సొంత లక్ష్యం కాదు, పెద్దదాన్నిగా నా బాధ్యత. 2007లో కేంద్ర ప్రభుత్వం చేయించిన అధ్యయనంలో 53 శాతం పిల్లలు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు. చేసినవాళ్ళలో సగం మంది పిల్లలకి తెలిసినవాళ్ళో, పిల్లలు నమ్మినవాళ్ళో. ఇక్కడ ఎమిరేట్స్‌లో 2016 నాటి బాలల హక్కుల చట్టాన్ని, తండ్రి చేతిలో చిత్రహింసలకి బలైన ఎనిమిదేళ్ళ వదీమా పేరుతోనే జనం గుర్తుపెట్టుకున్నారు. పిల్లలకి ప్రమాదమని తెలిస్తే టీచర్లు, డాక్టర్లు చెప్పి తీరాలంటుంది ఆ చట్టం. ఇక్కడైతే 116111, ఇండియాలో 1098.

పోయిన ఏడాది ఆయన ఇంట్లోకి ఒక చిన్నపిల్ల వచ్చిపోతోందని తెలిసింది. పిల్ల తల్లికి ఫోన్ చేశాను. డైరీలో ముందుగా రాసుకున్న పని కాదది. చేతులు వణికాయి, చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు తను. తర్వాత "థ్యాంక్స్ అక్కా" అంది. పిల్లని మళ్ళీ అక్కడికి పంపలేదు. అమ్మ నాతో నెలరోజులు మాట్లాడలేదు.

ఈ ఏడాది చీటీలో ఆ పేరు లేదు. అడిగితే "కొనలేదు" అని చెప్తాను. కారణం చెప్పాలో వద్దో ఆ రోజు నా ఓపికని బట్టి చూసుకుంటాను. ఆ ఇంటి గుమ్మం మాత్రం తొక్కను. ఈ ఏటికి నా లక్ష్యం ఇంతే.

మీలో ఎవరికైనా ఇలాంటి చీటీ ఉంటే, ఒక్కసారి తీసి చూసుకోండి. అందులో మీరు రాసుకున్నవెన్ని, ఇతరులు రాయించినవెన్ని?