బొడ్డు కోసిన చేతులకు పరిశోధన ఎందుకంటారా?

మామిడిపల్లి మీదుగా పొద్దుమాపు విమానాలు పోతున్నయి. మామిడిపల్లి, గొల్లపల్లి, శంషాబాద్ చుట్టూ ఐదువేల ఎకరాలకు పైగా భూమి తీసుకొని కట్టిన విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. ఆ విమానాల్లో నర్సులు కూడా పోతున్నరు. ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ వాళ్లకు జర్మన్ భాష నేర్పించి జర్మనీకి పంపుతున్నది. మంచిదే. మేం అడిగేది ఒక్కటే: ఆ విమానం ఎక్కేటోళ్లలో మన వాడ బిడ్డలు ఎందరు?

ఇంటర్ బైపీసీ పాసైన మా వాడ పిల్లను వెంటబెట్టుకొని మేం ఒక నర్సింగ్ కాలేజీకి పోయినం. బీఎస్సీ సీటు సంగతి అడిగినం. అక్కడి పెద్దమనిషి అన్నడు: "మీ పిల్లకు నాలుగేండ్ల చదువెందుకయ్యా? మూడు నెలల కేర్ టేకర్ ట్రైనింగ్ చేయించుండ్రి. ఎంటనే పని దొరుకుతది." ఆయన కోపంగా అనలేదు, ప్రేమగానే అన్నడు. ఆ ప్రేమే మనల్ని తరతరాలుగా కింది మెట్టు మీద కూసోబెట్టింది.

పురుడు పోసే పని మనకు కొత్తదా? ఊర్లల్ల మంత్రసానులు ఎవరు? మాదిగ అవ్వలు, మాల అవ్వలు, మంగలి అవ్వలు. అర్ధరాత్రి దొర గడిలో నొప్పులొస్తే వాడకు కబురొచ్చేది. బిడ్డను బయటికి తీసింది, బొడ్డు కోసింది, మాయ పాతిపెట్టింది ఆ చేతులే. తెల్లారితే ఆ చేతులు అంటరానివి! చేటెడు బియ్యం, ఒక పాత చీర పడేసి ఇల్లు కడుక్కునేటోళ్లు. పని మురికిదైనన్ని రోజులు అది మన కులవృత్తి. దానికి తెల్ల బట్టలు, డిగ్రీ, జీతం వచ్చినంక మాత్రం "మెరిట్" కావాలంటున్నరు.

ఇప్పుడేమైంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే. సహజ కాన్పును కాపాడాలని ప్రభుత్వమే 2017లో కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. అంటే మన అవ్వల పనికి విలువుందని ఇప్పటికి ఒప్పుకున్నరు. కానీ ఆ శిక్షణకు పోవాలంటే ముందు నర్సు రిజిస్ట్రేషన్ ఉండాలె. అవ్వ మనవరాలికి అది అందేదెట్ల?

మిత్రులారా, నర్సింగ్ చదువులో మెట్లున్నయి. తెలుసుకోండి. ఏఎన్ఎం రెండేండ్లు. జీఎన్ఎం మూడేండ్లు. బీఎస్సీ నాలుగేండ్లు. జీఎన్ఎం చేసినోళ్లు పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేండ్లు చదవొచ్చు. ఆ పైన ఎమ్మెస్సీ, దాని పైన పీహెచ్‌డీ. కింది మెట్టు దగ్గర "సేవ చేయండి" అంటరు. పైమెట్టు మీద కూసున్నోళ్లు పరిశోధన చేస్తరు, పాఠాలు రాస్తరు, ఎవరికేం నేర్పాలో తేలుస్తరు. చెయ్యి మనది, తల వాళ్లది. ఇది వర్ణవ్యవస్థ కాక మరేంది?

"నర్సుకు పరిశోధనెందుకు?" అనేవాళ్లకు చరిత్ర చెబుదాం. ఫ్లోరెన్స్ నైటింగేల్‌ను దీపం పట్టుకున్న దేవతగా చూపిస్తరు. ఆమె చావుల లెక్కలు కట్టింది. క్రిమియా యుద్ధంలో సిపాయిలు గాయాల కన్నా రోగాలతోనే ఎక్కువ చచ్చారని పటాలు గీసి పాలకుల ముందర పెట్టింది. అదే యుద్ధానికి నర్సుగా పోతానన్న జమైకా నల్లజాతి స్త్రీ మేరీ సీకోల్‌ను లండన్‌లో కాదన్నరు. ఆమె సొంత ఖర్చుతో పోయి సేవ చేసింది. మన సావిత్రిబాయి ఫూలే పుణె ప్లేగులో మహర్‌వాడ పిల్లవాణ్ని భుజాన మోసుకొచ్చి, ఆ రోగమే తగిలి 1897 మార్చి 10న ప్రాణమిచ్చింది. సేవలో మనం ఎవరికీ తక్కువ కాదు. లెక్క రాసే కాడనే మనల్ని రానియ్యలేదు.

ఆ లెక్క మనకెందుకు కావాలె? అదే సర్వే చెప్తున్నది: 15-49 ఏండ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేస్తే, తెలంగాణలో ఎనిమిది మందికి తీసేసిండ్రు. ఎవరి గర్భసంచులవి? ఏ వాడలవి? తీయాల్సిన అవసరం నిజంగా ఉండెనా? ఆపరేషన్ అయినంక ఆ తల్లి కూలికి పోగలుగుతున్నదా? ఇంటింటికి పోయి, అవ్వ పక్కన కూసొని అడగాల్సిన ప్రశ్నలివి. వాడ భాష, వాడ బాధ తెలిసిన నర్సు పరిశోధకురాలైతేనే ఇవి సరిగ్గ అడుగుతది.

ఇగ గోడలు చూడండి. కన్వీనర్ కోటాలో రిజర్వేషన్ ఉన్నది. మేనేజ్‌మెంట్ కోటాలో డబ్బే రిజర్వేషన్. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే సర్టిఫికెట్ కాలేజీ బీరువాలోనే ఉంటది. అన్నీ దాటి ఎమ్మెస్సీ చేసి పీహెచ్‌డీకి పోదామంటే, ఎస్సీలకిచ్చే జాతీయ ఫెలోషిప్పుకు నెట్ పాస్ కావాలంటరు. యూజీసీ నెట్‌లో నర్సింగ్ అనే సబ్జెక్టే లేదు! తలుపు పెట్టి తాళంచెవి చేయించలేదన్నట్టు.

మా డిమాండ్లు ఇవి:

కేర్ టేకర్ కోర్సులు చూపి దళిత ఆడపిల్లల డిగ్రీ చదువును పక్కదారి పట్టించడం ఆపాలె.

ఫీజు బకాయి పేరుతో ఏ పిల్ల సర్టిఫికెట్టూ ఆపకూడదు.

ప్రభుత్వ నర్సింగ్ కాలేజీల్లో ఎమ్మెస్సీ సీట్లు పెంచాలె. నర్సింగ్ పీహెచ్‌డీకి నెట్‌తో సంబంధం లేని ఫెలోషిప్ ఇయ్యాలె.

2025 ఏప్రిల్ 14 నుంచి అమలైన వర్గీకరణ ప్రకారం ఏ గ్రూపుకు ఎన్ని నర్సింగ్ సీట్లు వచ్చినయో, ఎన్ని నిండినయో ఏటా ప్రకటించాలె.

మనల్ని మనం కూడా ఒక మాట అడుక్కుందాం. ఇంటర్ కాంగనే బిడ్డకు సంబంధం చూసే తండ్రులు మన వాడలో లేరా? కొడుకు బండికి అప్పు తెచ్చే మనం బిడ్డ హాస్టల్‌కు ఎందుకు తేము? సంఘం కార్యకర్తలు అడ్మిషన్ల కాలంలో ప్రతి వాడలో కూసోవాలె. ఇంటర్‌లో బైపీసీ తీసుకునేటట్టు పదో తరగతి పిల్లలకు ఇప్పుడే చెప్పాలె. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ముందే తీయించాలె.

మేం అడుగుతున్నది దయ కాదు. బొడ్డు కోసిన చేతులకు కలం హక్కు.

జై భీమ్!