గోదారి అందం ఎవరి సొమ్ము?

పాపికొండలు చూసొచ్చినవాళ్ళు రెండు రకాలు. ఫోటోలు చూపించేవాళ్ళు ఒకరు, లాంచీలో పులిహోర బావుందని చెప్పేవాళ్ళు మరొకరు. ఆ కొండల కింద ఊళ్ళున్నాయనీ, వాటిల్లో మనుషులుంటారనీ చెప్పినవాడు నాకింతవరకు తగల్లేదు.

వాళ్ళని అనటమెందుకు? ఏర్పాటే అలాంటిది. లాంచీ దిగువ నుంచి వస్తుంది. టిఫినూ భోజనమూ అందులోనే. పాటా ఆటా అందులోనే. (కొండల నడుమ నిశ్శబ్దం కోసం అంత దూరం వెళ్ళి, అక్కడ మైకు పెట్టించుకునే జాతి మనదొక్కటే అనుకుంటాను.) పేరంటాలపల్లి దగ్గర కాసేపు ఆపి శివాలయం చూపిస్తారు. కొండరెడ్లు వెదురుతో చేసిన బొమ్మలూ బుట్టలూ అమ్ముతుంటారు. అక్కడ మనం బేరమాడతాం! టిక్కెట్టు దగ్గర నోరెత్తనివాళ్ళం, వెదురు పువ్వు దగ్గర పది రూపాయలు తగ్గించమంటాం. ఆ బేరం పోగా మిగిలిందే ఒడ్డువాడి వాటా. దీనికి పర్యాటకాభివృద్ధి అని పేరు.

"టూరిజం పెరిగితే వాళ్ళకీ ఉద్యోగాలొస్తాయి కదండీ" అంటారు పెద్దలు. వస్తాయి. గిన్నెలు తోమే ఉద్యోగాలు.

2019 సెప్టెంబరు 15న, గోదారి వరద మీదుండగా, కచ్చులూరు దగ్గర లాంచీ మునిగింది. ఎక్కినవాళ్ళు 70 మందికి పైనే. బతికింది 26 మంది. ప్రభుత్వం వారి బలగం చేరేలోగా పడవలేసుకుని వెళ్ళి, మునిగేవాళ్ళని ఒడ్డుకి లాగినవాళ్ళు ఆ చుట్టుపక్కల గిరిజనులే. సుడి ఎక్కడ తిరుగుతుందో వాళ్ళకి పుట్టుకతో తెలిసిన విద్య. తరవాత కంట్రోలు రూములు పెట్టారు, సంతోషం. కాని సరంగు పక్కన ఆ ఊరివాడొకడు జీతం మీద కూచోవాలని ఎవరికీ తోచదేం?

దానధర్మాలడగటం లేదు. ఏజెన్సీలో గ్రామసభకి అధికారాలిస్తూ 1996లోనే చట్టం వచ్చింది. వెదురు అడవిబిడ్డల ఫలసాయమని 2006 చట్టం ఒప్పుకుంది. అలాంటప్పుడు ఊరి రేవులో లాంచీ ఆగితే ఆ ఊరి సభకి టిక్కెట్టులో వాటా ఉండాలి. భోజనం ఆ ఊళ్ళోనే వండించాలి. పొంగల్లో ఉప్పు తక్కువైతే మనకేం పోదు. ఎంగిలాకులు మాత్రం వచ్చిన లాంచీలోనే తిరిగి వెళ్ళాలి.

ఇంకో సంగతి. పోలవరంలో 150 అడుగుల మట్టానికి నీళ్ళు నిలిపిన నాడు ఆ ఊళ్ళలో చాలావాటి మీద పడవలు తిరుగుతాయి. అప్పుడు హోటళ్ళొస్తాయి, రంగురంగుల బోట్లొస్తాయి, వాటికి పాటలూ పెడతారు. ఆ నీళ్ళ కింద ఇల్లు పోగొట్టుకున్నవాడు పునరావాస కాలనీలో రేకుల కింద కూచుని ఉంటాడు. ఆ జలాశయం మీద మొదటి బోటు లైసెన్సూ, మొదటి చేపల వలా అతనివేనని ఇప్పుడే, నీళ్ళు నిలవకముందే, కాగితం మీద రాసివ్వమనండి. నీళ్ళొచ్చాక వేలంపాట పెడితే అతని దగ్గర పాడటానికేముంటుంది?