లెక్కల పీరియడ్‌లో ఊలు దారం

మెడ చుట్టూ గుండ్రంగా వేసుకునే రంగురంగుల ఊలు కౌల్‌ను చూస్తే, ఒక్కో వరసలో రెండేసి దారాలు కలిపి అల్లారనిపిస్తుంది. స్లిప్ స్టిచ్ పద్ధతిలో మాత్రం ఒక వరసకు ఒకే రంగు. ఎర్ర దారంతో అల్లుకుపోతూ, కింది వరసలోని కొన్ని నీలం కుట్లను అల్లకుండా ఎడమ సూది మీంచి కుడి సూదికి దాటిస్తారు. ఆ నీలం కుట్టు పై వరస దాకా సాగి ఎరుపు మధ్యలో నిలుస్తుంది. సాగిన కుట్టు చుట్టుపక్కల కుట్లను దగ్గరకు లాగుతుంది కాబట్టి అల్లిక దళసరిగా, ఎగుడుదిగుడుగా వస్తుంది. దాటించేటప్పుడు దారాన్ని కుట్టు ముందు నుంచి పోనిస్తే, అది పైకే అడ్డగీతలా కనిపిస్తుంది. రంగూ ఉబ్బెత్తుదనమూ రెండూ ఒకే ప్రశ్న మీద ఆధారపడ్డాయి: ఈ కుట్టును అల్లాలా, దాటించాలా? అమెరికా అల్లిక నిపుణురాలు బార్బరా వాకర్ ఈ తర్కాన్ని గళ్ల కాగితం మీద గీసి చూపి, మొజాయిక్ అల్లిక పేరుతో 1976లో ఏకంగా ఒక పుస్తకం తెచ్చారు. ఇంత తర్కమున్న పనిని మనం ఆడవాళ్ల కాలక్షేపమని పక్కన పెట్టేశాం. దాన్ని బడిలో అబ్బాయిలకూ అమ్మాయిలకూ లెక్కల పాఠంతో కలిపి నేర్పాలన్నది నా వాదన.

కౌల్ కొలత సంగతే చూడండి. చిన్న నమూనా అల్లి, 10 సెంటీమీటర్లకు 20 కుట్లు పడుతున్నాయని తేల్చుకుంటే 60 సెంటీమీటర్ల చుట్టుకొలతకు 120 కుట్లు కావాలి. డిజైన్ 8 కుట్లకోసారి తిరిగొచ్చేదైతే అందులో సరిగ్గా 15 సార్లు ఇముడుతుంది. 7 కుట్లదైతే ఒక కుట్టు మిగిలిపోయి, చుట్టు కలిసేచోట బొమ్మ తెగుతుంది. కింద 4 కుట్ల డిజైన్, పైన 6 కుట్ల డిజైన్ పెట్టాలంటే మొత్తం కుట్లు 12తో భాగింపబడాలి. క.సా.గు. ఎందుకు పనికొస్తుందని అడిగే పిల్లలకు ఇది చేతికి తగిలే జవాబు. పైగా తప్పు ఎక్కడ జరిగిందో అల్లికే చూపిస్తుంది, విప్పితే దారం వృథా కాదు. పైతరగతుల గణితానికీ ఇది పనికొచ్చింది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణితవేత్త డైనా టైమినా 1997లో, అంతటా జీనులా వంగే హైపర్బోలిక్ తలాన్ని క్రోషేతో (కొక్కెం సూదితో) అల్లి విద్యార్థుల చేతుల్లో పెట్టారు.

బడిలో అల్లిక అనగానే ఆడపిల్లల్ని మళ్లీ ఇంటిపనికి తోస్తున్నారన్న భయం కలుగుతుంది. ఆ భయానికి మన దగ్గరే గట్టి ఆధారం ఉంది. నరసాపురం లేసు విదేశాలకు వెళ్తున్నా, అల్లే ఆడవాళ్లను శ్రామికులుగా కాక తీరిక వేళలో చేసుకునే గృహిణులుగా లెక్కగట్టడం వల్లే వాళ్లకు అతి తక్కువ కూలి దక్కిందని సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వచ్చిన పుస్తకంలో విప్పి చూపారు. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే, కానీ పనిని తీరిక వ్యవహారంగా చూసే కళ్లు మారకపోతే కూలి పెరగదు. ఇది ఆడవాళ్లకే అబ్బే పని అన్న నమ్మకమే ఆ చిన్నచూపుకు వేరు. పెరూలోని తకీలే దీవిలో సూదులతో అల్లేది మగవాళ్లే, చిన్నప్పటి నుంచే నేర్చుకుంటారు. ఫిన్లాండ్‌లో చేతిపని అబ్బాయిలకూ అమ్మాయిలకూ తప్పనిసరి పాఠం. అబ్బాయి కూడా ఒక కౌల్ పూర్తిచేస్తే అందులో ఎన్ని గంటల శ్రద్ధ ఉందో వాడికి తెలుస్తుంది. ఆ తర్వాత లేసు పనిని కాలక్షేపమనడానికి వాడి నోరు రాదు.

మన ఎండల్లో ఊలు కౌల్ ఎవరికి అనే ప్రశ్న సబబే. నూలు దారంతోనూ ఇదే డిజైన్ వస్తుంది; నూలు ఊలంత సాగదు గనక కాస్త వదులుగా అల్లాలి, అంతే. కౌల్ బదులు చేతిసంచీ అల్లినా లెక్క అదే. యంత్రం నిమిషాల్లో చేసేదానికి ఈ శ్రమ ఎందుకంటారా? కాలిక్యులేటర్ వచ్చాక కూడా ఎక్కాలు నేర్పుతూనే ఉన్నాం. సిలబస్సే పూర్తికావడం లేదన్న ఉపాధ్యాయుల మాటను మాత్రం తేలిగ్గా తీసుకోలేం. అందుకే కొత్త సబ్జెక్టు అడగడం లేదు. ఈ ఆలోచనా కొత్తది కాదు: చేతిపని కేంద్రంగా చదువు సాగాలని 1937లో వార్ధాలో జరిగిన విద్యా సమావేశం తీర్మానించింది. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు స్థానిక వృత్తుల కోసం 10 రోజులు పుస్తకాల సంచీ లేకుండా కేటాయించమంది. ఆ రోజుల్లో కొన్నింటిని లెక్కల టీచరుకూ, అల్లిక తెలిసిన స్థానిక మహిళకూ కలిపి అప్పగించవచ్చు. ఆమెను అతిథిగా పిలిచి శాలువా కప్పి పంపకూడదు, బోధకురాలిగా గౌరవ వేతనం ఇవ్వాలి.